మెడలో కత్తెర

వల బాగు చేస్తూ ముడి బిగించి, మిగిలిన దారాన్ని ముందు పళ్ల మధ్య పెట్టుకుని కొరికాను. తెగలేదు. మళ్లీ కొరికాను. దారం మెత్తగా జారి బయటికి వచ్చేసింది. వెనక పళ్లు గట్టిగానే కలుస్తున్నాయి. ముందు పళ్లు మాత్రం పైవి పైన, కిందివి కింద ఆగిపోయాయి. మధ్యలో చిటికెన వేలి కొన దూరేంత సందు. వేలు పెట్టి చూసుకున్నాను. నా నోరు నాది కాదనిపించింది.

వేట ఆగిన మొదటి రోజులవి. ప్రతి ఏడూ ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే సమయమని రెండు నెలలు సముద్రం మీదికి బోట్లను వెళ్లనివ్వరు. బోట్లన్నీ హార్బరులో వరసగా కట్టేసి ఉంటాయి. అందరూ ఇళ్ల ముందు వలలు పరుచుకుని చిరుగులు కుడతారు. మా ఇంట్లో ఆ పని మా ఆయన ఎర్రయ్యకూ నాకూ చెరిసగం. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి నేను నైలాను దారం పళ్లతోనే తెంపుతున్నాను. మా పేటలో కత్తెర పట్టుకుని వల దగ్గర కూర్చునేవాళ్లు లేరు. ఒక చేతిలో వల ఉంటుంది, ఇంకో చేతిలో దారం చుట్టిన పుల్ల ఉంటుంది. మూడో చెయ్యి నోరే.

అంతకు కొద్దిరోజుల ముందు, వేట ఇంకా నడుస్తున్నప్పుడు, నేను హార్బరులో జారిపడ్డాను. తెల్లవారి వేలంపాటలో చేపలు కొని బేసిను నెత్తిన పెట్టుకుని వస్తున్నాను. కరిగిన ఐసు మీద కాలు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకు చాపుతారు. నేను చాపలేదు. రెండు చేతులతో బేసిను పట్టుకునే ఉన్నాను. చేపలు నేలపాలు కాలేదు గానీ గడ్డం వెళ్లి సిమెంటు అంచుకు కొట్టుకుంది. దగ్గరి ఆసుపత్రిలో గడ్డం కింద కుట్లు వేశారు. చెవుల దగ్గర నొప్పిగా ఉందంటే వాపు తగ్గితే పోతుందన్నారు. గంజి తాగుతూ, పసుపు పట్టు వేసుకుంటూ ఉండిపోయాను. పళ్లు ఒకసారి కలిపి చూడమని ఎవరూ అనలేదు. నాకూ తోచలేదు.

దారం తెగని రోజు సాయంత్రమే దువ్వాడలో ఉన్న మా అమ్మాయి దేవికి ఫోను చేశాను. మర్నాడు అది నన్ను పళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ మా దేవి వయసు పిల్లే. ఫోటోలు తీసి, తెరమీద నా పుర్రె చూపించింది. గడ్డం మీద పడితే దెబ్బ పైకి పోయి చెవుల ముందు తేలుతుందట. నాకు రెండు పక్కలా అక్కడే ఎముక విరిగింది. దవడ వెనక్కి కుంగి, వెనక పళ్లు ముందుగా తగులుతున్నాయి. అందుకే ముందు పళ్లు కలవడం లేదు.

"రెండు దారులున్నాయమ్మా," అంది. "పళ్లకు క్లిప్పులు అంటించి, పై పళ్లకూ కింది పళ్లకూ రబ్బర్లు బిగించి దవడను దాని చోటికి లాగుతాం. వస్తే మంచిది. రాకపోతే చెవి ముందు కోసి ప్లేట్లు వెయ్యాలి. ముఖాన్ని కదిలించే నరం అక్కడే ఉంటుంది."

"నరానికేటయినా అయితే?" అని దేవి అడిగింది.

"చాలామందికి ఏమీ కాదు. కొందరికి ముఖం ఒక పక్క వాలిపోవచ్చు. ముందే చెప్పడం నా బాధ్యత."

నేను కంచరపాలెం వీధుల్లో చేపలమ్ముతాను. కేక వేస్తే రైలు గేటు అవతల వాళ్లు కూడా గిన్నె పట్టుకుని బయటికి వస్తారు. వాలిపోయిన ముఖంతో, ఎంగిలి కారే నోటితో ఆ వీధిలో నిలబడ్డట్టు ఊహించుకున్నాను. అప్పటి నుంచి నాకు ఒక్కటే కోరిక. ముందు పళ్లు కలవాలి, చెవి దగ్గర కత్తి పడకూడదు.

డాక్టరమ్మ చిన్న స్కేలు పెట్టి నా ముందు పళ్లు కొలిచింది. మధ్య పళ్లు రెండింటికీ పొడుగుకు తగ్గ వెడల్పు ఉండాలట. పైవాటిలో ఒకటి నాకు అరిగి పొట్టిదైంది, దాని అంచున గాటు కూడా ఉంది. "ఇవన్నీ అయ్యాక దీన్ని పూడ్చి పక్కదానికి సమానం చేద్దాం," అని రాసుకుంది. తరవాత, "పడకముందు మీ పళ్లు ఎలా కలిసేవి? నవ్వుతున్న ఫోటో ఉందా?" అని అడిగింది.

దేవి తన ఫోనంతా వెతికింది. ఒక్కదాంట్లోనూ నా పళ్లు లేవు. పళ్లు బయటపెట్టి నవ్వడం మాలో పెద్దాడవాళ్లకు అలవాటు లేదు. కొంగు అడ్డం పెట్టుకుంటాం. దేవి పెళ్లి ఫోటోలో కూడా ఎవరితోనో గొడవపడ్డట్టు మూతి బిగించుకుని ఉన్నాను.

"సరే, చూద్దాం," అంది డాక్టరమ్మ.

ఆ రోజే నా నోరు మూసేశారు. డాక్టరమ్మ పళ్లకు క్లిప్పులు అంటించి, వాటికి ఉన్న చిన్న కొక్కేలకు రబ్బర్లు తగిలించుకుంటూ పోయింది. ఒక్కోటి తగిలిస్తుంటే దవడ తనంతట తానే పైకి వెళ్లిపోయింది. చివర్లో ఒక చిన్న కత్తెర నా చేతిలో పెట్టింది.

"వాంతి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా రబ్బర్లు కత్తిరించెయ్యండి. ఇది ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. ఊరికే మాత్రం కత్తిరించకండి. వదులైతే దవడ మళ్లీ వెనక్కి పోతుంది."

దేవి దానికి దారం కట్టి నా మెడలో వేసింది. పుస్తెల పక్కన కత్తెర.

గంప కింద మూసిన కోడిని చూసినప్పుడు నాకెప్పుడూ ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు అనిపిస్తుంది. ఆవలింత వచ్చేది, ఎక్కడికి పోవాలో తెలియక చెవుల్లో పొడిచేది. తుమ్ము వస్తుందంటే రెండు చేతులతో దవడ పట్టుకునేదాన్ని. నాలుక పళ్ల గోడ వెనక అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. పళ్ల సందుల్లోంచి గంజి, పలచటి పులుసు, పాలు పీల్చుకోవడమే భోజనం. పక్కింట్లో చేపలు వేగుతున్న వాసన వస్తే లేచి వెళ్లిపోయేదాన్ని. కానీ ఎక్కడికి పోయినా ఆ నోరు నాతోనే వచ్చేది.

నేను అక్షరాలు నేర్చుకుని రెండేళ్లయింది. దేవికి పెళ్లి చేశాక, పేటలోని హాల్లో సాయంత్రాలు చెప్పే చదువుకు వెళ్లి నేర్చుకున్నాను. నోరు మూతబడితేనేం, పలక ఉంది కదా అనుకున్నాను. మొదటి రోజే ఎర్రయ్య కాచిన గంజిలో ఉప్పు లేదు. 'ఉప్పు లేదు' అని రాసి చూపించాను. ఆయన పలకను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పట్టుకుని చూశాడు.

"ఏటే ఇది, ఇసకలో పీత నడిసినట్టుంది. నాకు సదువొస్తే బోటు మీద ఎందుకుంటాను, కలెక్టరాఫీసులో ఉండీవోణ్ణి కాదేటి."

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నాకు రాయడం వచ్చు, ఆయనకు చదవడం రాదు. కష్టపడి నేర్చుకున్న అక్షరాలన్నీ నాతోపాటే లోపల ఇరుక్కుపోయాయి.

పైగా వీధిలో వెటకారాలు. ఎదురింటి ఆయన పొద్దున్నే పళ్లు తోముకుంటూ అడిగేవాడు.

"ఏరా ఎర్రయ్యా, మీ ఇంట్లో మైకు పాడైపోనాదేటి? వీధంతా సల్లగున్నాది."

"రిపేరుకిచ్చాం బావా. మాంచి సౌండు పెట్టి ఇత్తామన్నారు."

ఇద్దరూ నవ్వారు. అంతకుముందు ఎవరైనా ఒక మాటంటే నాలుగు అనేదాన్ని. లోపలికి వెళ్లి పలకను గోడకేసి కొట్టాను. చెక్క ఊడిపోయింది.

ఎర్రయ్య ఆ చెక్క ఏరి, పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చున్నాడు. పిడికిలి పైకెత్తి చూపించాడు.

"ఇది ఆపు," అన్నాడు. చెయ్యి గుండ్రంగా లోపలికి తిప్పాడు. "ఇది వల లాగు." అరచెయ్యి నేలవైపు పెట్టి రెండుసార్లు కిందికి అదిమాడు. "ఇది మెల్లగ. ఇంజను మోత్తో బోటు మీద ఎవుడి మాటా ఎవుడికీ ఇనబడదు. మేం ఇలగే మాటాడుకుంతాం. నువ్వూ ఇంజను పక్కన ఉన్నావనుకో."

ముప్పయ్యేళ్లుగా ఆయన సముద్రం మీద ఏ భాషలో మాట్లాడతాడో నాకు తెలియదు. ఆ సాయంత్రం నేర్చుకున్నాను. వల లాగే సైగ చేస్తే 'ఇలా రా' అని. అరచెయ్యి తిప్పితే 'ఏమిటి సంగతి' అని. ఉప్పుకు మాత్రం బోటు మీద సైగ లేదు. వేలితో నాలుక చూపించాలనుకున్నాను, నాలుక బయటికి రాదు. చివరికి సముద్రం వైపు చెయ్యి చూపించాను. ఆయన గబుక్కున లేచి డబ్బా తెచ్చాడు.

వారం వారం ఆసుపత్రి. అక్కడ కుర్చీల నిండా పిల్లలే, పళ్ల వరస కోసం క్లిప్పులు వేయించుకునేవాళ్లు. ఎవరి ముందు పళ్లు పెద్దవి, ఎవరివి ఎత్తు అని వాళ్లలో వాళ్లు అద్దంలో చూసుకుంటూ మాట్లాడుకునేవారు. వాళ్ల మధ్య నేను, తెల్ల జుట్టుతో, మెడలో కత్తెరతో. ఒక రోజు పక్కన కూర్చున్నావిడ పలకరించింది. పేరు సత్యవతి. గోదావరి జిల్లా నుంచి భర్త స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మనవరాలి పళ్ల కోసం వస్తుంది.

"మీక్కూడా పళ్ల వరసకేనాండీ?"

సంచిలోంచి అతికించిన పలక తీసి 'పడ్డాను. దవడ విరిగింది' అని రాశాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "అయ్యయ్యో, ఎక్కడ పడ్డారండీ?" అంది. ఎంతో మామూలుగా అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవి కాకుండా నా రాత చదివి నాకు బదులిచ్చిన మొదటి మనిషి ఆమె. నా పేరు పిలిచేదాకా రాస్తూనే ఉన్నాను. ఆమె చదువుతూనే ఉంది.

ముందు పళ్ల మధ్య సందు సగం తగ్గింది. అప్పుడే ఆ పొరపాటు జరిగింది.

ఎర్రయ్య ఒక్కడే వల కుడుతుంటే చూస్తూ కూర్చోలేక నేనూ ఒక కొస ఒళ్లో వేసుకున్నాను. చేతికి పని దొరికేసరికి నోటి సంగతి మరిచిపోయాను. ఎన్నో రోజుల తరవాత నేను నాలా ఉన్నాను. ముడి వేశాను, బిగించాను, దారం నోటి దగ్గరికి తీసుకెళ్లి పళ్లకు తగిలించి ఒక్క లాగు లాగాను. టక్కున శబ్దం. క్లిప్పు ఊడి, తీగ పెదవిలో గుచ్చుకుంది. ఆ పక్క రబ్బర్లు వేలాడిపోయాయి.

ఎర్రయ్య పిడికిలి ఎత్తాడు. ఆపు. అప్పటికే అంతా అయిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ నా నోరు చూసి, జరిగింది నేను పలక మీద రాసి చూపిస్తే చదివింది. దవడ కొంచెం పక్కకి జరిగిపోయింది.

"దారం కొరికారా? ఈ నోటితోనా?"

తల ఊపాను. సంచికి చుట్టుకుని వచ్చిన దారం ముక్క చూపించాను.

"ఎలా కొరుకుతారు? ఎక్కడ పెట్టుకుంటారు?"

దారాన్ని పైపంటి గాటులో పెట్టాను. అది ఎప్పుడూ కూర్చునే చోటు అదే. డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి పైకి చూసింది. కిందికి చూసింది. కింది పంటి అంచున కూడా సన్నటి గాటు ఉంది, పైదానికి జత. అది నాకు కూడా తెలియదు. ఎప్పుడూ చూసుకోలేదు.

"ఈ రెండూ ఒకే దారం కోసిన గాట్లు," అంది తనలో తాను. "అంటే ఎదురెదురుగా ఉండాలి. ఇప్పుడు కిందిది ఇంత పక్కకి ఉంది." తలెత్తి మొదటిసారి నవ్వింది. "నేను అడిగిన ఫోటో ఇదేనమ్మా."

ఈసారి రబ్బర్లు నిటారుగా కాకుండా ఏటవాలుగా తగిలించింది. కానీ గడువు పెరిగింది. "వానలు పడేదాకా ఇలాగే ఉండాలి. ఈసారి వదులైతే ఇంక ఆపరేషనే," అంది. ఇంటికి వస్తూ దారి పొడుగునా కత్తెరను పిడికిట్లో పట్టుకుని వచ్చాను. ఆ తరవాత దాన్ని చూస్తేనే భయమేసేది. దాంతో ప్రాణం నిలబెట్టుకోవచ్చు, దాంతోనే అన్ని వారాల బాధనూ ఒక్క క్షణంలో పాడు చేసుకోవచ్చు.

వేట మొదలైంది. బోట్లు కదిలే పొద్దున పేటంతా హార్బరులో ఉంది. ప్రతి ఏడూ నేను గట్టు మీద నిలబడి, ఇంజను మోత మించి అరిచి జాగ్రత్తలు చెప్పేదాన్ని. ఈసారి అందరూ అరుస్తున్నారు, నేను మూగగా నిలబడ్డాను. బోటు మీంచి ఎర్రయ్య నా వైపు చూసి అరచెయ్యి కిందికి రెండుసార్లు అదిమాడు. మెల్లగ. నేనూ అదే చేశాను. పక్కనున్న ఆడవాళ్లు ఇదేమిటని చూశారు.

ఇంట్లో ఒక్కదాన్నే మిగిలాను. ఆ వారం దేవి పిల్లకు జ్వరం. ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లి తిరిగి బస్సెక్కాను. సత్యవతిగారూ మనవరాలూ అదే బస్సులో ఎక్కి, నా పక్కన కూర్చున్నారు. పోర్టు రోడ్డులో కంటెయినరు లారీల వెనక బస్సు ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి పోదు. జనం మీద జనం. డీజిలు పొగ. తాగిన పాలు కడుపులో తిరగడం మొదలుపెట్టాయి.

నోట్లో నీళ్లూరాయి. మింగాను. మళ్లీ ఊరాయి. వాంతి వస్తే అది ఎక్కడికి పోతుంది? పళ్లు గోడలా ఉన్నాయి. నా చెయ్యి కత్తెర మీదికి వెళ్లింది. కత్తిరిస్తే దవడ పోతుంది. కత్తిరించకపోతే నేను పోతాను. బస్సులో అరవడానికి కూడా నాకు నోరు లేదు.

సత్యవతిగారు నా చేతిని చూశారు. గొడవ చేయలేదు. కిటికీ పూర్తిగా తోసి, నన్ను దాని వైపు జరిపి, సంచిలోంచి నిమ్మకాయ తీసి గోటితో గీరి నా ముక్కు దగ్గర పెట్టారు.

"ముక్కుతో పీల్చండి, ముక్కుతోనే. కత్తెర మీ చేతిలోనే ఉంచుకోండి. అంతగా కావాలంటే నేనే కత్తిరిస్తాను. ఒక్క నిమిషం ఆగండి, ముందు కళ్లద్దాలు పెట్టుకోనివ్వండి, లేకపోతే ముక్కు కత్తిరించేస్తాను."

మనవరాలు కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అది ముక్కులోంచి వచ్చింది. మోకాలి మీద అరచెయ్యి పెట్టి కిందికి అదిమాను. మెల్లగ. మళ్లీ అదిమాను. నిమ్మ వాసన పీల్చాను. ముందున్న లారీ కదిలింది. గాలి వచ్చింది. కడుపు సర్దుకుంది. కత్తెర వదిలి చూసుకుంటే వేళ్ల మీద దాని అచ్చు పడి ఉంది.

మొదటి వానలు పడ్డాక డాక్టరమ్మ రబ్బర్లు తీసింది. నోరు దానంతట అది తెరుచుకుంటుందనుకున్నాను. తెరుచుకోలేదు, ఒక వేలు మాత్రమే పట్టింది. ఐస్‌క్రీము పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి రోజూ కొంచెం కొంచెం తెరవాలంది. తరవాత నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి కొరకమంది, అచ్చులు చూసింది. నా గుండె చెవుల దగ్గర కొట్టుకుంటోంది, వాళ్లు కోస్తామన్న చోటే.

"దారం ఉందా?" అంది.

సంచికి చుట్టిన దారం తీసి ఇచ్చాను. తనే దాన్ని పైగాటులో పెట్టింది. పళ్లు కలిపాను. కింది గాటు వచ్చి దాని కింద కూర్చుంది. ఆమె దారం కొస పట్టుకుని లాగింది. రాలేదు.

"ఆపరేషన్ అక్కర్లేదు," అంది.

నాతో వచ్చిన దేవి నా వీపు మీద తల ఆనించి ఏడ్చింది.

"ఇంక ఈ గాటు పూడ్చేద్దామా? రెండు పళ్లూ సమానంగా వస్తాయి, బాగుంటుంది," అంది డాక్టరమ్మ.

అన్ని వారాల తరవాత నేను మాట్లాడిన మొదటి మాట అప్పుడే. గొంతు నాదిలా లేదు. పళ్ల సందుల్లోంచి చెప్పాను.

"వద్దమ్మా. మల్ల పడితే మీరేటి సూసుకుంతారు?"

ఆమె పకపకా నవ్వింది. కానీ పళ్లతో దారం తెంపనని మాత్రం నా చేత ఒట్టు పెట్టించుకుంది. ఇప్పుడు ఆ కత్తెర మా వల పక్కన మేకుకు వేలాడుతోంది. మొదట్లో పేట నవ్వింది. ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగి తీసుకెళ్తున్నారు.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెప్పాలని రాస్తున్నాను. గడ్డం మీద దెబ్బ తగిలితే, రక్తం ఆగాక, ఒకసారి పళ్లు కలిపి చూసుకోండి. ఎప్పటిలా కలవకపోతే ఆ రోజే వెళ్లండి. నేను దారం తెగని రోజుదాకా ఆగాను. నోరు కట్టించుకోవాల్సి వస్తే భయపడతారు, భయపడండి. మీ రాత చదివేవాళ్లను ఒకరిని, మీ సైగ తెలిసినవాళ్లను ఒకరిని దగ్గర పెట్టుకోండి.

రబ్బర్లు తీసిన కొద్దిరోజులకే ఎర్రయ్య బోటు తిరిగొచ్చింది. నేను గట్టు మీద ఉన్నాను. ఆయన దూరం నుంచే నన్ను చూసి అరచెయ్యి తిప్పాడు. ఏమిటి సంగతి? నేను ఊరుకున్నాను. బోటు గట్టుకు ఆనింది. ఇంజను ఆపేశారు. ఆయన ఇంకా చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు, నా ముఖం వంక భయంగా చూస్తూ, ఒక చెంప తరవాత ఒక చెంప.

"ఇంజను ఆగిపోనాది మావా," అన్నాను. "నోటితో అడుగు."